రానుపోను లెక్క: ఒడెస్సా లోడుకు కిరాయి చెప్పడం ఎలా, ఖాళీగా తిరిగి రావడం ఎలా

"హ్యూస్టన్ నుంచి ఒడెస్సాకు పైపుల లోడు ఉంది. మైలుకు నాలుగు డాలర్లు" అని బ్రోకరు ఫోనులో అంటే, కొత్తగా ట్రక్కు కొన్నవారికి అది లాటరీలా వినిపిస్తుంది. పశ్చిమ టెక్సాస్ చమురు నేలలోని ఒడెస్సాకు 500 మైళ్లు, 2,000 డాలర్లు, ఒక్క రోజు డ్రైవింగు. నాకూ అలాగే వినిపించింది. మూడో రోజు మధ్యాహ్నం, గోడలూ పైకప్పూ లేని ఖాళీ ఫ్లాట్‌బెడ్‌తో హ్యూస్టన్ చేరి, డీజిల్ రసీదులు కూడుకున్నాక, ఆ ట్రిప్పుకు నా జేబులోంచే 200 డాలర్ల పైన పెట్టానని తేలింది. అప్పటి నుంచి నేను మైలు రేటు వినడం మానేశాను. మీరూ మానేయడానికి ఈ వ్యాసం పనికొస్తే చాలు.

ఇది డల్లాస్, హ్యూస్టన్ చుట్టుపక్కల ఒకటి రెండు ట్రక్కులు పెట్టుకున్న తెలుగువారి కోసం, రాత్రంతా మేలుకొని హైదరాబాదు నుంచి అమెరికా ట్రక్కులకు డిస్పాచ్ చేసే, అంటే లోడ్లు కుదిర్చి బండ్లు పంపే కుర్రవాళ్ల కోసం రాస్తున్నాను. ముందే ఒక మాట. హెచ్-1బీ వీసా మీద ఉన్నవారు ట్రక్కు మీద పెట్టుబడి పెట్టడం వేరు, కూర్చుని లోడ్లు మాట్లాడటం వేరు. రెండోది వీసా అనుమతించని ఉద్యోగం కిందికి రావచ్చు. లాయరును అడిగాకే ఫోను పట్టండి.

మొదట, ఆ నేల నుంచి బండి ఖాళీగా ఎందుకు వస్తుందో చూడండి

పర్మియన్ బేసిన్ అంటే పశ్చిమ టెక్సాస్, దాన్ని ఆనుకుని న్యూ మెక్సికో ఆగ్నేయ మూల. మిడ్‌లాండ్, ఒడెస్సా, పేకోస్, మొనహన్స్ ఇటువైపు. హాబ్స్, కార్ల్స్‌బాడ్ అటువైపు. అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ చమురు తీసేది ఇక్కడే. అక్కడికి ఫ్లాట్‌బెడ్ మీద వెళ్లేది ఎక్కువగా ఉక్కు: బావిలో దించే కేసింగ్, ట్యూబింగ్, డ్రిల్ పైపు, వాల్వులు, సెపరేటర్లు, పంపు జాక్‌లు, బావి తవ్వే యంత్రమైన రిగ్గు కింద పరిచే బరువైన కొయ్య మ్యాట్లు.

కేసింగ్ ఒక్కటే లెక్క వేసి చూడండి. 5.5 అంగుళాల వ్యాసం, అడుగుకు 20 పౌండ్ల బరువున్న రకం అనుకుందాం. నిలువుగా దిగి, ఆ తరవాత అడ్డంగా రెండు మైళ్లు సాగే బావికి అది 20,000 అడుగుల దాకా కావాలి. అంటే 4 లక్షల పౌండ్లు. ఒక్కో ఫ్లాట్‌బెడ్ 47,000 పౌండ్లు మోస్తే, ఆ ఒక్క వరుసకే తొమ్మిది ట్రక్కులు. దానికంటే లావు కేసింగ్ వరుసలు పైన ఇంకా ఉంటాయి. ఇంత ఉక్కూ భూమిలో దిగి, చుట్టూ సిమెంటు గట్టిపడ్డాక, మళ్లీ బయటికి రాదు. బదులుగా పైకి వచ్చే చమురు, గ్యాసు పైపులైనులో పోతాయి. మన ట్రక్కు ఎక్కే సరుకు ఆ బావిలో ఏదీ పుట్టదు.

అందువల్ల ఆ వైపు వెళ్లే లోడుకు కిరాయి ఎప్పుడూ కాస్త లావుగా కనిపిస్తుంది. ఆ లావులో మీరు తిరిగి వచ్చే 500 మైళ్లు దాగి ఉన్నాయి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ యజమానిని అడిగినా దీన్ని 'రానుపోను కిరాయి' అని రెండు మాటల్లో చెబుతాడు. అమెరికా బ్రోకరు మాత్రం పోను కిరాయి ఒక్కటే చెప్పి, దాన్ని పోను మైళ్లతోనే భాగించి చూపిస్తాడు. ఆ భాగహారం దగ్గరే కొత్తవారు మోసపోతారు.

తరవాత, మైలు ఖర్చునూ రోజు ఖర్చునూ విడదీయండి

ట్రక్కు కదిలితేనే అయ్యే ఖర్చు ఒకటి, నిలబడి ఉన్నా అయ్యే ఖర్చు ఇంకొకటి. ఈ రెంటినీ కలిపి మైలుకు ఇంత అని ఒకే అంకె పెట్టుకుంటే చమురు నేలలో దెబ్బ తింటారు. ఎందుకంటే అక్కడ మైళ్లు తక్కువ, నిలబడటం ఎక్కువ.

కింది అంకెలు ఉదాహరణకు పెట్టినవి. మీ రసీదులు చూసి మీవి వేసుకోండి.

కదిలితే అయ్యేది: డీజిల్ గ్యాలను 3.60 డాలర్లు, రానుపోను సగటున గ్యాలనుకు 6.5 మైళ్లు అయితే మైలుకు 55 సెంట్లు. టైర్లు, ఆయిలు, మరమ్మతులకు 25 సెంట్లు. డ్రైవరుకు 60 సెంట్లు. మొత్తం మైలుకు 1.40 డాలర్లు. స్టీరింగు మీ చేతిలోనే ఉన్నా డ్రైవరు జీతం రాయాల్సిందే. చాలామంది ఆ 60 సెంట్లను లాభం అనుకుని మురిసిపోతారు.

నిలబడినా అయ్యేది: ట్రక్కు, ట్రైలరు వాయిదాలు, బీమా, పర్మిట్లు, పార్కింగు. నెలకు 6,000 డాలర్లు అనుకుని, పని జరిగే రోజులు 20 అనుకుంటే రోజుకు 300.

ఈ అంకెలు గాలిలోంచి తీసినట్టున్నాయి అనిపిస్తే, పోల్చుకోవడానికి ఒకటి ఉంది. అమెరికన్ ట్రాన్స్‌పోర్టేషన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ఏటా ట్రక్కు నడిపే ఖర్చు లెక్క కడుతుంది. 2024కు వారు చెప్పిన సగటు మైలుకు 2.26 డాలర్లు. మీ లెక్క దానికి మరీ కింద ఉంటే ఏదో రాయడం మరిచిపోయారన్నమాట. నేను మొదటి ఏడాది టైర్లు మరిచిపోయాను.

ఇప్పుడు రోజులు లెక్కపెట్టండి

ఈ పనిలో అసలు కిటుకు ఇక్కడే ఉంది, అందుకే కొంచెం నెమ్మదిగా చెబుతాను.

ఫెడరల్ నియమం ప్రకారం, 10 గంటల విశ్రాంతి తరవాత డ్రైవరు డ్యూటీ ఎక్కిన క్షణం నుంచి 14 గంటల గడియారం మొదలవుతుంది. ఆ 14 గంటల్లో 11 గంటలకు మించి నడపకూడదు. 8 గంటలు నడిపాక అరగంట ఆగాలి. లోడు దింపేవారి కోసం వరుసలో ఎదురుచూస్తున్నా ఆ 14 గంటల గడియారం మామూలుగా ఆగదు.

హ్యూస్టన్ పైపు యార్డులో ఉదయం 7 గంటలకు లైన్లో నిలబడ్డారు. 10కి బయటపడ్డారు. రాత్రి 7కి ఒడెస్సా. పడుకున్నారు. రెండో రోజు ఉదయం 7కి బావి దగ్గర గేటు ముందు ఉన్నారు. 9 గంటలకల్లా పైపులు దింపేస్తే ఆ రాత్రికే హ్యూస్టన్ చేరతారు, మొత్తం రెండు రోజుల పని. క్రేను రాలేదనో, ముందు ఇంకో మూడు ట్రక్కులు ఉన్నాయనో మధ్యాహ్నం 12 దాటిందంటే, రాత్రి 9కి మీ గడియారం ముగిసేసరికి మీరు ఇంకా దారిలోనే ఉంటారు. అక్కడే పడుకుని మూడో రోజు ఇల్లు చేరాలి. అప్పటికి యార్డులో ఉదయపు లోడింగు వరుస అయిపోయి ఉంటుంది. మూడు గంటల ఆలస్యం అర రోజును, ఒక్కోసారి పూర్తి రోజును మింగేస్తుంది. ఒడెస్సా వెళ్లే ట్రిప్పును నేను ఎప్పుడూ రెండున్నర రోజులుగానే లెక్కిస్తాను.

చమురు పనికి గంటల నియమాల్లో సడలింపులు ఉన్నాయి కదా అని ఎవరో ఒకరు అంటారు. ఉన్నాయి, అయితే జాగ్రత్తగా చదవండి. బావి దగ్గర ఎదురుచూసే సమయాన్ని డ్యూటీలో కలపనక్కరలేదన్న సడలింపు, బావి పనికే ప్రత్యేకంగా కట్టిన వాహనాలకు, దానికి ప్రత్యేక శిక్షణ ఉన్న డ్రైవర్లకు. కేసింగ్ తెచ్చిన మామూలు ఫ్లాట్‌బెడ్‌కు వర్తించదు. వారానికి ఉండే డ్యూటీ గంటల పరిమితి లెక్కను 24 గంటల విశ్రాంతితో తిరిగి మొదలుపెట్టే సడలింపు ఇంకొకటి. దానికి వాహనం పూర్తిగా చమురు క్షేత్ర సామగ్రి రవాణాకే వాడాలన్న షరతు ఉంది. తిరుగు లోడుగా ఇళ్ల గోడల బోర్డులు వేసుకొచ్చే బండి ఆ సడలింపు వాడుకుంటే తనిఖీలో ఇబ్బంది పడుతుంది.

లెక్క పూర్తి చేద్దాం. బావి దాకా పోయే అడ్డదారులతో కలిపి రానుపోను 1,050 మైళ్లు. 1.40 చొప్పున 1,470 డాలర్లు. రెండున్నర రోజులకు 750. మొత్తం 2,220. బ్రోకరు చెప్పిన 'మైలుకు నాలుగు డాలర్లు', అంటే 2,000, తీసుకుంటే 220 డాలర్ల నష్టం. 2,500 అడిగి సాధిస్తే 280 మిగులు. నా మొదటి ట్రిప్పు కథ ఇంతే.

కిరాయి చెప్పేముందు ఈ సంగతులు అడగండి

దింపే చోటు పట్టణంలోని యార్డా, బావి దగ్గరా? యార్డు అయితే చిరునామా ఉంటుంది, ఫోర్క్‌లిఫ్ట్ ఉంటుంది, మనుషులుంటారు. బావి అయితే చిరునామా బదులు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఇస్తారు. తారు రోడ్డు వదిలాక తెల్లటి సున్నపు మట్టి రోడ్డు మీద ఎన్ని మైళ్లు పోవాలో అడగండి. వాన పడితే ఆ రోడ్డు జిగురు. ఫోను సిగ్నలు ఉండకపోవచ్చు కాబట్టి అంకెలను, గేటు తాళం కోడును కాగితం మీద రాసుకుని వెళ్లండి. పేకోస్ నుంచి కార్ల్స్‌బాడ్ వైపు పోయే 285వ నంబరు రహదారి మీద చమురు బండ్ల రద్దీ, ప్రమాదాలు రెండూ పేరుమోసినవి. దాన్ని 'చావు రహదారి' అంటారు. ఆ దారిలో రాత్రిపూట తొందరపడి వెళ్లాల్సిన టైము ఎవరైనా పెడితే నేను వద్దంటాను.

రాష్ట్ర సరిహద్దు దాటుతుందా? హాబ్స్ ఒడెస్సాకు దగ్గరే అనిపించినా అది న్యూ మెక్సికో. అక్కడ 26,000 పౌండ్లు దాటిన వాహనాలకు బరువు, దూరాన్ని బట్టి వేరే పన్ను ఉంది. ముందే ఖాతా, పర్మిటు ఉండాలి. టెక్సాస్ లోడే కదా అని వెళ్లి సరిహద్దు చెక్‌పోస్టులో నిలబడ్డవారు ఉన్నారు.

గేటులోకి రానివ్వడానికి ఏమేం కావాలి? నిప్పంటుకోని బట్టలు, హెల్మెట్, స్టీలు ముక్కున్న బూట్లు దాదాపు ప్రతిచోటా అడుగుతారు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు గురించి శిక్షణ కార్డు చాలా చోట్ల అడుగుతారు. కార్డు లేదని వెనక్కి పంపితే ఆ ట్రిప్పు డబ్బు రాదు.

సరుకు పొడవు, బరువు, టార్పాలిన్ కావాలా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. మొత్తం బండి బరువు 80,000 పౌండ్లు దాటకూడదని మీకు తెలుసు. యార్డువారు రాసిన బరువును నమ్మకుండా మొదటి కాటా దగ్గరే తూచుకోండి.

పట్టీల సంగతి క్లుప్తంగా: కట్టిన పట్టీలు, గొలుసుల మొత్తం పని సామర్థ్యం సరుకు బరువులో కనీసం సగం ఉండాలి. 47,000 పౌండ్లకు సగం 23,500. 5,400 పౌండ్ల గుర్తున్న నాలుగు అంగుళాల పట్టీలైతే ఐదు. ముందు అడ్డుగోడ ఆసరా లేని 40 అడుగుల పైపుకు పొడవు లెక్కనా ఐదే. నేను ఎనిమిది కడతాను, పైపు జారే సరుకు. మొదటి 50 మైళ్లలోపు ఆగి బిగింపు చూసుకోవడం నియమం, ఆ తరవాత ప్రతి 150 మైళ్లకో 3 గంటలకో, ఏది ముందైతే అది. డ్యూటీ స్థితి మారినప్పుడూ చూడాలి.

ఇక కిరాయి చెప్పండి, కాగితం మీద పెట్టించండి

మైలు రేటు చెప్పకండి. మొత్తం చెప్పండి: "రానుపోను 1,050 మైళ్లు, రెండున్నర రోజులు, 2,500 డాలర్లు. ఎదురుచూపు రెండు గంటలు ఉచితం, తరవాత గంటకు ఇంత హాల్టింగు." ఇలా చెబితే బేరం మీ ఖర్చు చుట్టూ తిరుగుతుంది. మైలు రేటు మాట్లాడితే "పక్కవాడు 3.75కే వస్తున్నాడు" అన్న మాట దగ్గర ఆగిపోతుంది. ఆ పక్కవాడి యార్డు మిడ్‌లాండ్‌లోనే ఉండి, అతను ఇంటికి వెళ్తూ ఉండవచ్చు. అతనికి అదే తిరుగు లోడు. అలాంటివాడితో పోటీ పడకండి, గెలవరు.

రేటు ఖరారు పత్రంలో ఈ మాటలు కనబడాలి: మొత్తం కిరాయి, ఉచిత గంటలు ఎన్ని, ఆపైన గంటకు ఎంత, రాత్రి ఆగాల్సి వస్తే ఎంత, బండి పిలిపించి లోడు రద్దు చేస్తే ఎంత, దింపే చోటు మారితే అదనపు మైళ్లకు ఎంత, టార్పాలిన్‌కు ఎంత. అందులో లేని మాట ఫోనులో ఎంత తియ్యగా చెప్పినా నిలవదు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నది. ఒకసారి పేకోస్ అవతల ఒక బావి దగ్గర తొమ్మిది గంటలు వానలో నిలబడ్డాను. బ్రోకరు ఫోనులో "చూసుకుంటాం, కంగారుపడకు" అన్నాడు. చివరికి హాల్టింగు ఒక్క డాలరు రాలేదు. వచ్చిన సమయం, వెళ్లిన సమయం మీద అక్కడి వారి సంతకం లేదని చెప్పారు. నిజమే, నేను తీసుకోలేదు. ఇప్పుడు గేటు దగ్గర ఆగగానే టైము కనబడేలా ఫోటో తీస్తాను, బిల్లు మీద రాక సమయం రాయించి బావి దగ్గర కంపెనీ తరఫున ఉండే మనిషితో సంతకం పెట్టిస్తాను. ఉచిత గంటలు ముగియడానికి అరగంట ముందు బ్రోకరుకు ఈమెయిల్ పంపిస్తాను. ఆయన తిడితే తిట్టనివ్వండి.

డీజిల్ సర్‌చార్జీ వేరుగా ఇస్తామంటే సంతోషించే ముందు ఒకటి గమనించండి. ఫెడరల్ ఇంధన సమాచార సంస్థ వారం వారం, మామూలుగా సోమవారం, ప్రకటించే సగటు ధర ఆధారంగా దాన్ని కడతారు. ఇచ్చేది మాత్రం చాలావరకు లోడు ఉన్న మైళ్లకే. డీజిల్ పెరిగితే మీ ఖాళీ 500 మైళ్ల భారం మీదే మిగులుతుంది. అది కూడా మొత్తం కిరాయిలో కలిపి అడగండి.

తిరుగు లోడు: తీసుకోవాలా, వదలాలా

ఖాళీగా రావడం పాపం అన్నట్టు మాట్లాడతారు. పోయేటప్పుడే రానుపోను కిరాయి పట్టినవారికి అది పాపమేమీ కాదు. తిరుగు లోడు విలువ కట్టే పద్ధతి వేరు. అది అదనంగా ఎన్ని మైళ్లు, ఎన్ని రోజులు తింటుందో చూడాలి.

ఒక రోజు విలువ ముందు కట్టండి. పై ఉదాహరణలో 2,500 కిరాయిలోంచి 1,470 మైలు ఖర్చు తీసేస్తే 1,030 మిగిలింది. రెండున్నరతో భాగిస్తే రోజుకు సుమారు 410 డాలర్లు. హ్యూస్టన్‌లో మీకు ఇంకో పైపు లోడు సిద్ధంగా ఉంటే, దారిలో పోగొట్టుకునే ప్రతి రోజు ధర అది.

ఇప్పుడు లోడు చూద్దాం. ఒడెస్సాకు తూర్పున 130 మైళ్లలో, ఇంటర్‌స్టేట్ 20 మీద స్వీట్‌వాటర్ ఉంది. అక్కడ జిప్సం గోడ బోర్డులు తయారవుతాయి, అవి ఫ్లాట్‌బెడ్ సరుకే. హ్యూస్టన్‌కు 900 డాలర్లు ఇస్తామన్నారు అనుకోండి. నేరుగా రావడం కంటే దాదాపు 50 మైళ్లు ఎక్కువ: 70 డాలర్లు. ఖాళీ బండి కంటే బరువు బండి తాగే అదనపు డీజిల్ ఇంకో 55. మొత్తం 125. ఒక రోజు ఎక్కువ పడితే 410 కలిపి 535. 900లోంచి 365 మిగులు, తీసుకోవచ్చు. లోడింగు మరునాటికి జరిగి, దింపుడు వారాంతంలో ఇరుక్కుని రెండు రోజులు పడితే ఖర్చు 945. అప్పుడు 45 నష్టం, పైగా బోర్డులు తడవకుండా టార్పాలిన్ కట్టిన శ్రమ ఉచితం.

అదే లెక్క మాంద్యంలో తలకిందులవుతుంది. హ్యూస్టన్‌లో మీకోసం లోడేమీ లేనప్పుడు ఆ రోజు విలువ సున్నా. వాయిదా, బీమా ఇంట్లో నిలబడినా కట్టాల్సినవే. అప్పుడు అదనపు ఖర్చు 125 ఒక్కటే చూడాలి, 400 ఇచ్చినా మంచి లోడే. అందరూ ఇలాగే ఆలోచిస్తారు కాబట్టే చెడ్డ రోజుల్లో మిడ్‌లాండ్ నుంచి బయటికి వచ్చే కిరాయిలు అంత హీనంగా పడిపోతాయి. అది చూసి "మనవాళ్లే మార్కెట్టు పాడు చేస్తున్నారు" అని తిట్టేవారు, తమకు లోడు లేని వారంలో అదే రేటుకు వెళ్తారు. నేనూ వెళ్లాను.

మంచి తిరుగు లోడ్లు లోడ్ బోర్డుల్లో, అంటే డాట్, ట్రక్‌స్టాప్ వంటి లోడ్లు వెతికే వెబ్‌సైట్లలో, అరుదుగా కనబడతాయి. అక్కడికి వచ్చేసరికి అవి నలుగురు చేతులు మారి పలచబడి ఉంటాయి. కాబట్టి పైపు దింపిన చోటే అడగండి. బావిలో దించగా మిగిలిన పైపులు యార్డుకు తిరిగి వెళ్లాలి. అద్దెకు తెచ్చిన పనిముట్లు, తనిఖీకి పోవాల్సిన డ్రిల్ పైపు, మరమ్మతుకు పోయే పంపులు, పని అయిపోయిన మ్యాట్లు ఎప్పుడూ ఏవో ఉంటాయి. వాటిలో చాలావరకు హ్యూస్టన్‌కే వెళ్తాయి. యార్డు మేనేజరు పేరు, ఫోను రాసుకోండి. రెండోసారి వెళ్లేముందు రోజే ఫోను చేసి "రేపు మధ్యాహ్నం ఖాళీ అవుతాను" అని చెప్పండి. నాకు దొరికిన మంచి తిరుగు లోడ్లలో ఎక్కువ ఇలా వచ్చినవే, ఇంటర్నెట్‌లో వెతికినవి తక్కువ.

డల్లాస్ మీదుగా త్రికోణం తిప్పడం ఇంకో దారి: స్వీట్‌వాటర్ బోర్డులు డల్లాస్‌కు, అక్కడికి దక్షిణాన మిడ్‌లోథియన్ ఉక్కు మిల్లు నుంచి ఇనుము హ్యూస్టన్‌కు. ఒక్కో చిన్న లోడుకు 700 చొప్పున దొరికి, అంతా ఐదు రోజుల్లో ముగిస్తే, అదే ఐదు రోజుల్లో రెండుసార్లు ఒడెస్సా ఖాళీగా వచ్చిన దానికంటే రెండు వందల పైచిలుకు ఎక్కువ మిగులుతుంది. బండి మీద అరుగుదల కూడా దాదాపు సగమే. ఒక్క రోజు జారిందా, ఆ మిగులు పోయి ఇంకా చేతిలోంచి పడుతుంది. నా మట్టుకు, భార్యాపిల్లలు డల్లాస్‌లో ఉన్నవారికే త్రికోణం సిఫారసు చేస్తాను. ఆదివారం ఇంట్లో గడుస్తుంది, దాని ధర ఈ లెక్కలో లేదు.

ఎల్ పాసో వైపు వెళ్లమని సలహా ఇచ్చేవారుంటారు. ఒడెస్సా నుంచి అది పడమరకు 280 మైళ్ల పైన, మీ ఇల్లు తూర్పున ఉంది. కాలిఫోర్నియా పోవాలన్న కోరిక ఉంటే తప్ప అటు తిప్పకండి.

కాలం ఎటు పోతుందో వారానికి రెండుసార్లు చూడండి

శుక్రవారం బేకర్ హ్యూస్ సంస్థ రిగ్గుల లెక్క ప్రకటిస్తుంది. 1944 నుంచి ఈ లెక్క వస్తోంది. అందులో పర్మియన్ వరుస చూడండి. రిగ్గు ఉంటేనే కేసింగ్ కావాలి, చమురు ధర ఒక్కటే చూసి లాభం లేదు. ధర పడిన కొన్ని నెలలకు రిగ్గులు తగ్గుతాయి, రిగ్గులు తగ్గాక పైపు లోడ్లు తగ్గుతాయి, ఆ తరవాత స్థానికంగా గంట లెక్కన పని చేసే బండ్లు కూడా పని లేక దూరపు లోడ్ల మీద పడతాయి. మీ రేటును దెబ్బకొట్టేది ఆ చివరి మెట్టు. 2014 వేసవిలో పీపా 100 డాలర్ల పైన ఉన్న చమురు 2016 ఫిబ్రవరికి 30 లోపుకు పడింది. 2020 ఏప్రిల్ 20న అయితే అమెరికా చమురు ఫ్యూచర్స్ ధర సున్నా దాటి మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. ధర బాగున్న ఏడాదిలో రెండో ట్రక్కుకు వాయిదా మొదలుపెట్టేముందు ఈ రెండు తేదీలు గోడ మీద రాసుకోండి.

సోమవారం డీజిల్ ధర చూసి మీ మైలు ఖర్చు సరిచేయండి. ఐదు నిమిషాల పని.

డబ్బు వసూలు

కొత్త బ్రోకరు అయితే ఫెడరల్ మోటార్ క్యారియర్ సంస్థ వెబ్‌సైటులో అతని లైసెన్సు, బాండు చూడండి. బాండు, అంటే బ్రోకరు ముందే చూపే హామీ, 75,000 డాలర్లు. వినడానికి పెద్దదే, అతను మునిగితే మీలాంటి యాభై మంది దాన్ని పంచుకుంటారు. లోడు ఇచ్చినవాడు, పత్రం మీద పేరున్నవాడు, ఫోను నంబరు ఒక్కటేనా అని సరిపోల్చండి. ఒకరి పేరుతో ఇంకొకరు లోడు తిప్పే మోసాలు బాగా పెరిగాయి. అనుమానం వస్తే పైపు యార్డుకే ఫోను చేసి ఏ బ్రోకరుకు ఇచ్చారో అడగండి.

చమురు పనిలో బిల్లు చేతికి రావడానికి 30 నుంచి 60 రోజులు మామూలే. తొందరైతే ఫ్యాక్టరింగు వారు కొంత శాతం కోసుకుని ముందే ఇస్తారు. ఆ శాతాన్నీ రానుపోను లెక్కలో వేయండి. టెక్సాస్‌లో ఒక హక్కు చాలామందికి తెలియదు: బావి పనికి సామగ్రి మోసినవారికి డబ్బు రాకపోతే, ఆస్తి చట్టం 56వ అధ్యాయం కింద ఆ బావి ఆస్తి మీద లీను, అంటే బాకీ తీరేదాకా ఆ ఆస్తి మీద ఉండే హక్కు, నమోదు చేసే వీలుంది. బాకీ పడిన రోజు నుంచి ఆరు నెలల్లోపు దాఖలు చేయాలి. మధ్యలో కాంట్రాక్టరు ఉంటే యజమానికి ముందస్తు నోటీసు వంటి షరతులు ఉన్నాయి, లాయరు కావాలి. లాయరు దాకా వెళ్లకముందే "లీను వేస్తాను" అని మర్యాదగా రాసిన ఒక ఉత్తరం నాకు ఒకసారి పాత బాకీ తెచ్చిపెట్టింది.

ఖాళీగా బయలుదేరే రోజు

పైపులు దిగాయి, సంతకాలు అయ్యాయి, తిరుగు లోడు లెక్కకు రాలేదు. అప్పుడు గేటు ముందు ట్రక్కు ఆపి, ఇంకో మంచి లోడు పడుతుందేమోనని లోడ్ బోర్డు చూస్తూ కూర్చోకండి. అలా కూర్చున్న రెండు గంటలే మిమ్మల్ని ఆ రాత్రి దారిలో పడుకోబెడతాయి. పట్టీలు చుట్టి పెట్టెలో వేసి తాళం వేయండి, పైపుల కింద పెట్టిన కొయ్య దుంగలు గట్టిగా కట్టండి. ఖాళీ ఫ్లాట్‌బెడ్ మీద వదులుగా ఉన్న దుంగ వెనక కారు అద్దానికి చేరుతుంది. తారు రోడ్డు ఎక్కగానే ఆగి జంట చక్రాల మధ్య ఇరుక్కున్న రాళ్లు తీసేయండి, సున్నపు మట్టి దారి ప్రతిసారీ ఒకటైనా ఇస్తుంది. బిగ్ స్ప్రింగ్ దాటేలోపు హ్యూస్టన్ యార్డుకు ఫోను చేసి రేపు ఉదయం లోడింగు టైము ఖాయం చేసుకోండి. యార్డులో ఆ మనిషి సాయంత్రం 4 తరవాత ఫోను ఎత్తడు.